షెడ్డు తలుపు మీది యాభై ఎనిమిది

క్లెమ్ థర్టిల్‌కి ఇనుమంటే పడేది కాదు. మా ఊరు కాల్డ్‌స్టోలో పోస్టాఫీసు ఆవిడ దగ్గర్నుంచి పబ్బులో గ్లాసులు కడిగే అమ్మాయి దాకా ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మేకు, నాడా, తెగిన గొలుసు, నాగలి ముక్క, ఏది దొరికినా మొహం చిట్లించి "ఛీ, ఇనుము!" అని ఎడమ జేబులో పడేసేవాడు. కుడి జేబు మంచివాటికి, ఎడమ జేబు చెత్తకి. ఇరవై నాలుగేళ్ళలో ఆ రెండు జేబులూ ఒక్కసారి కూడా తారుమారు కాలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అయ్యాయి, ఒక్కసారి. నేను చెప్పబోయేది దాని గురించే.

చక్కెర ఫ్యాక్టరీలో బీట్ దుంపలు కడిగే చోట ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. ఆ హోరులో తోటివాళ్ళందరికీ చెముడొచ్చింది, ఈయనకి మాత్రం రాలేదు. నలభై ఏడో ఏట మెటల్ డిటెక్టర్ ఒకటి కొనుక్కుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొలాల వెంట పడ్డాడు. మొదట్లో జనం నవ్వారు. "ఏమోయ్ క్లెమ్, నేలకి గడ్డం గీస్తున్నావా?" అని కంచె మీంచి కేకేసేవాళ్ళు. ఆయన పట్టించుకోలేదు. ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. రైతు ఇంటికెళ్ళి టోపీ తీసి అనుమతి అడగాలి. తీసిన గేటు తనే వెయ్యాలి. తవ్విన గుంట పూడ్చి మడమతో తొక్కాలి. ఏం దొరికినా ముందు రైతుకి చూపించాలి. కోతలయ్యాక తిరగొచ్చు, దున్నాక తిరగొచ్చు, విత్తనం పడ్డాక మాత్రం మళ్ళీ ఆగస్టు కోతల దాకా చేలో కాలు పెట్టకూడదు. ఈ చివరిదానికి ఎంతటివాడు అడిగినా మినహాయింపు ఉండేది కాదు.

డిటెక్టర్‌కి ఒక మీట ఉంటుంది. ఒక వైపు తిప్పితే వెండి, రాగి, సీసం, ఇనుము అన్నీ పలుకుతాయి. రెండో వైపు తిప్పితే ఇనుము నోరు మూసుకుంటుంది. క్లెమ్ యంత్రం కొన్న వారంలోనే దాని నోరు మూయించాడు, ఆ తర్వాత ఎన్ని యంత్రాలు మార్చినా ఆ మీట జోలికి పోలేదు. అయినా అప్పుడప్పుడు ఏ నాణెం కోసమో తవ్వితే పక్కన ఇనుప ముక్క చేతికి తగిలేది, ఆయనకి ఒళ్ళు మండేది. దొరికిన ప్రతి నాణెం గురించీ, ప్రతి బొత్తాం గురించీ నల్ల అట్ట నోటుబుక్కులో రాసేవాడు. తేదీ, చేను పేరు, గేటు స్తంభం నుంచి కంచె వెంట ఎన్ని అంగలు, అక్కణ్ణుంచి లోపలికి ఎన్ని అంగలు. టేపు కొనుక్కోవచ్చుగా అంటే, "నా కాళ్ళకంటే మంచి టేపా?" అనేవాడు. ఇనుముకి ఆ పుస్తకంలో చోటు లేదు.

అన్ని ఇనుప ముక్కల్లోకీ ఒక్కదాన్ని మాత్రం పారెయ్యలేదు. అరచేతి వెడల్పున గుండ్రటి పోత ఇనుప పలక, కింద రెండంగుళాల విరిగిన ఊచ, పలక మీద ఉబ్బెత్తుగా 58 అని అంకెలు. యూనియన్ చేలో దొరికింది. పూర్వం సంతలో గొర్రెల దొడ్లకి ఇలాంటి నంబర్లు పెట్టేవారని పబ్బులో ఎవరో అంటే, కాబోలనుకున్నాడు. తుప్పు గీకి, నల్ల రంగు వేసి, అంకెలకి తెల్ల రంగు పూసి, రెండు బెజ్జాలు కొట్టి పెరట్లో షెడ్డు తలుపుకి బిగించాడు. ఏటా వసంతంలో షెడ్డుకి రంగేసినప్పుడు దానికీ ఒక పూత పడేది. మా పోస్టుమాన్ ఆర్థర్ ఉత్తరాలు తెచ్చినప్పుడల్లా షెడ్డు వైపు చూసి, "యాభై ఎనిమిదో నంబరుకి ఇవాళ కూడా ఏమీ రాలేదు క్లెమ్" అనేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే జోకు. క్లెమ్ ఇరవై ఏళ్ళుగా దానికి నవ్వాడు.

2003 అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం క్లెమ్ వాళ్ళ గుమ్మం ముందు టాక్సీ ఆగి ఒక పెద్దావిడ దిగింది. పేరు ఎనిడ్ గాథర్‌కోల్, ఎనభై రెండేళ్ళు. నార్విచ్‌లో బడిపిల్లలకి వండిపెట్టి రిటైరయింది, పెళ్ళి చేసుకోలేదు. యూనియన్ చేను గురించి తెలిసినవాళ్ళెవరని పబ్బులో అడిగితే క్లెమ్ పేరు చెప్పారట. క్లెమ్ భార్య బెరిల్ టీ పోసి, కేకు కోసి ముందు పెట్టింది. ఆవిడ కేకు ముట్టుకోలేదు.

"ఆ చేను మీకు బాగా తెలుసటగా?" అంది.

"ఇరవై నాలుగేళ్ళుగా తిరుగుతున్నానండీ. దాన్లో ప్రతి బెడ్డా నాకు తెలుసు."

"నేనక్కడే పుట్టాను."

క్లెమ్, బెరిల్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యూనియన్ అంటే గతిలేనివాళ్ళకి తిండి పడేసి చాకిరీ చేయించుకునే ఇల్లు. యాభయ్యో దశకంలో పడగొట్టేశారు, ఆ నేలని ఇప్పటి రైతు డెస్మండ్ ఆల్డస్ తండ్రి కొని దున్నుకున్నాడు. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు అటువైపు వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళు, ఎందుకని మేమెవరం అడగలేదు. అక్కడ పోయినవాళ్ళని చర్చి దొడ్లోనే పాతిపెట్టి ఉంటారనుకున్నాం. అలా అనుకుంటే మాకు సుళువుగా ఉండేది, అందుకే అనుకున్నాం.

"మా అమ్మ పేరు ఏడా," అంది ఎనిడ్. "నన్ను కన్న తొమ్మిదో రోజు పోయింది. దానికప్పుడు ఇరవై రెండేళ్ళు. చూశారా, అమ్మని 'అది' అనేస్తున్నాను. నా వయసులో మనవరాలు ఉంటే అంత ఉండేది మరి. చర్చి పుస్తకాల్లో ఎంత వెతికినా లేదు. పోయిన నెల రికార్డుల ఆఫీసులో యూనియన్ వాళ్ళ రిజిస్టరు చూపించారు. చేలోనే పెట్టారండీ. రాయి లేదు, పేరు లేదు. వరసకి పదిమంది, మనిషికీ మనిషికీ మధ్య నాలుగడుగులు. తల దగ్గర ఒక ఇనుప ఊచ, ఊచ మీద గుండ్రటి పలక, పలక మీద నంబరు. మా అమ్మది యాభై నాలుగు."

గుండ్రటి పలక అన్న మాట దగ్గరే క్లెమ్ చేతిలో కప్పు ఆగిపోయింది. వంటింటి కిటికీలోంచి చూస్తే షెడ్డు తలుపు ఎదురుగానే కనిపిస్తుంది. బెరిల్ లేచి, టీ కెటిల్ పట్టుకుని, కిటికీకి అడ్డంగా నిలబడింది.

"ఆ పలకలన్నీ ఏమయ్యాయండీ?" అన్నాడు క్లెమ్.

"ఇల్లు పడగొట్టినప్పుడు పీకి పాత ఇనుప సామాన్లవాడికి పడేశారట. కొన్ని పీకుడుకి రాక విరిగి ఉంటాయని, ఊచల మొదళ్ళు లోపల ఉండిపోయి ఉంటాయని ఆ ఆఫీసు అమ్మాయి అంది. మీ యంత్రం ఇనుముని కనిపెడుతుందా?"

"కనిపెడుతుందండీ. ఇన్నేళ్ళూ నేనే కనిపెట్టనివ్వలేదు," అన్నాడు క్లెమ్.

"తవ్వడం నాకక్కర్లేదు. ఎవరినీ కదపొద్దు. ఎక్కడుందో తెలిస్తే చాలు, ఒక్కసారి ఆ చోట నిలబడి వెళ్ళిపోతాను. ఎనభై రెండేళ్ళొచ్చాయి, పువ్వులు ఎక్కడ పెట్టాలో తెలియదు నాకు." ఆవిడ కప్పుని సాసర్ మీద నెమ్మదిగా పెట్టింది. "మా డాక్టరు ఈమధ్య వచ్చే వేసవి గురించి మాట్లాడటం మానేశాడు."

డెస్మండ్ శనివారం పొద్దున గోధుమ విత్తుతున్నాడు. అంటే మధ్యలో ఒక్క శుక్రవారమే ఉంది. రేపు తొమ్మిదింటికి పబ్బు దగ్గరికొచ్చి తీసుకెళ్తానని క్లెమ్ చెప్పాడు. రాత్రికి ఆవిడ పబ్బు పైగదిలో ఉంటుంది.

ఆవిడని దింపి రాగానే స్క్రూడ్రైవర్ తీసుకుని షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. బెరిల్ చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చింది.

"అప్పుడే చెప్పెయ్యాల్సింది," అంది.

"ఏమని చెప్పను? మీ అమ్మకి నాలుగిళ్ళ అవతలున్న మనిషి గుర్తు పీక్కొచ్చి, నా పలుగులకీ పారలకీ కాపలా పెట్టుకున్నానని చెప్పనా?"

"ఆ, అలాగే చెప్పు. రేపైనా చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

పలక దొరికిన రోజు ఆయనకి బాగా గుర్తుంది. ఆ రోజు యంత్రం పలికింది వెండికి. మొదటి ఎలిజబెత్ రాణి కాలం నాటి ఆరు పెన్నీల నాణెం, ఆ చేలో ఆయనకి దొరికిన మొట్టమొదటి వెండి. దాని కిందే, ఇంకాస్త లోతులో ఈ పలక నిటారుగా దిగబడి ఉంది. పీకలేక ఎవరో సమ్మెటతో లోపలికి దిగ్గొట్టినట్టుంది. లాగాడు, రాలేదు. అటూ ఇటూ ఊపాడు. తిట్టాడు. చివరికి మడమతో ఒక్క తన్ను తన్నితే టక్కుమని విరిగింది. మనిషి తలదగ్గరి గుర్తుని కాలితో తన్నానన్న సంగతి ఇరవై ఏళ్ళ తర్వాత షెడ్డు ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

నోటుబుక్కులు దించి ఒక్కొక్క పేజీ తిరగేశాడు. దొరికింది. "1983 సెప్టెంబరు 11. యూనియన్ చేను. గేటు స్తంభం నుంచి కంచె వెంట 60 అంగలు, లోపలికి 36. వెండి ఆరు పెన్నీలు, అంచు కత్తిరించి ఉంది." అంతే రాశాడు. పలక గురించి ఒక్క అక్షరం లేదు. వెండి పక్కన ఉండబట్టి ఇనుము చోటు మిగిలింది గానీ లేకపోతే అదీ లేదు.

శుక్రవారం పొద్దున గేటు దగ్గర డెస్మండ్ ట్రాక్టర్ ఆపుకుని ఉన్నాడు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. "ఏమోయ్ నిధుల దొరా! రేపు విత్తుతున్నా, గుర్తుందా? నీ మూటా ముల్లే ఇవాళ సర్దుకో," అని అరిచాడు. అంతలో వ్యాన్లోంచి కర్ర పట్టుకుని దిగుతున్న ఎనిడ్‌ని చూసి ఆగిపోయాడు.

క్లెమ్ టోపీ తీసి ఆవిడ దేనికొచ్చిందో చెప్పాడు. డెస్మండ్ చేను వైపు తిరిగాడు.

"మా నాన్నకి తెలిసే దున్నాడంటావా?"

"నాకేం తెలుసు డెస్మండ్?"

"తెలిసే ఉంటుంది," అన్నాడు డెస్మండ్. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో మొహంలో కనిపించింది. "చీకటి పడేదాకా చేను మీది. విత్తడం మాత్రం రేపే, సోమవారం నుంచి వానలంటున్నారు." ట్రాక్టర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

దున్ని చదును చేసిన నేల, మధ్యమధ్య తెల్లగా చెకుముకి రాళ్ళు. క్లెమ్ మడత కుర్చీ వేసి ఎనిడ్‌ని కూర్చోబెట్టి, బెరిల్ ఇచ్చిన దుప్పటి కాళ్ళ మీద కప్పాడు. గేటు స్తంభం దగ్గర్నుంచి అరవై అంగలు వేసి, మలుపు తిరిగి ముప్పై ఆరు వేశాడు. నిలబడి, మీటని ఇనుము పలికే వైపుకి తిప్పాడు. హెడ్‌ఫోన్లలో ఒక్కసారిగా నేలంతా మొత్తుకుంది. గరగర, టకటక, ఎక్కడ కదిపితే అక్కడ మోత. ఆ చేలో ఇంత ఇనుము ఉందని ఆయనకి తెలియనే తెలియదు.

మధ్యాహ్నం దాకా పదకొండు గుంటలు తవ్వాడు. మేకులు, నాడా, దంతె పన్ను, ఏదో మూత. ఊచ లేదు. చీజ్ శాండ్‌విచ్ చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"ఇక్కడే ఉండాలండీ," అన్నాడు. "నా అంగ తప్పదు. పుస్తకం తప్పదు."

ఎనిడ్ పొద్దుట్నుంచీ ఆయన్నే చూస్తోంది. "మీరు కుంటుతున్నారు," అంది.

"తుంటి ఎముక మార్చారు, మూడేళ్ళయింది. బాగానే ఉంది."

"ఆ పుస్తకం రాసినప్పుడు మీ వయసెంత?"

"యాభై ఒకటి."

"యాభై ఒకటిలో వేసిన అంగ డెబ్బై ఒకటిలో, అదీ కొత్త తుంటితో, ఎలా పడుతుందండీ?"

ఇరవై నాలుగేళ్ళుగా నా కాళ్ళే టేపని ఊరంతా చెప్పుకున్న మనిషి! సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. గబగబా పుస్తకం తిరగేశాడు, కదలని గుర్తు దేనికైనా దూరం రాశానేమోనని. ఉంది. కంచెలో యుద్ధం నాటి కాంక్రీటు తుపాకీ గది ఒకటి ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. గేటు నుంచి దానికి తొంభై అంగలని ఆ ఏడే రాసుకున్నాడు. లేచి వెళ్ళి, మామూలుగా నడుస్తూ లెక్కపెట్టి, వగరుస్తూ తిరిగొచ్చాడు.

"నూట అయిదు," అన్నాడు.

"ఆరుకి ఏడు," అంది ఎనిడ్ వెంటనే. "నలభైమందికి రాసిన వంట నాలుగొందల మందికి వండినదాన్ని, నాకిది ఒక లెక్కా? మీ అరవై ఇప్పుడు డెబ్బై. ముప్పై ఆరంటే నలభై రెండు. లేవండి, పొద్దు పోతోంది."

డెబ్బై వేశాడు, నలభై రెండు వేశాడు. యంత్రాన్ని అటొకసారి ఇటొకసారి తిప్పాడు. పైపైన మేకుల గోలకి అడుగున, సన్నగా, నిదానంగా ఒక మోత వినిపించింది. ఆ చోటి నుంచి అడుగు జరిపితే పోతోంది, వెనక్కి వస్తే ఉంటోంది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తుంటి కలుక్కుమన్నా పట్టించుకోకుండా మట్టిని చేత్తోనే తోడాడు. మోచేయి దిగేంత లోతులో వేలికి ఇనుము తగిలింది. బొటనవేలంత లావున ఊచ, నిటారుగా ఉంది, పైకొస విరిగి ఉంది.

ఎనిడ్ కర్ర పొడుచుకుంటూ బెడ్డల మీదుగా వచ్చి పక్కన నిలబడింది. "దొరికిందా?"

క్లెమ్ లేచి వ్యాన్ దాకా వెళ్ళాడు. సీటు కింద తువాల్లో చుట్టి పెట్టినదాన్ని తీశాడు. చెయ్యి అలవాటుగా ఎడమ జేబు వైపు వెళ్ళింది. ఆగి, కుడి జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆవిడ ముందు నిలబడి దాన్ని బయటికి తీశాడు.

ఎనిడ్ అంకెలు చదివింది. "ఇదెక్కడిది?"

"ఇక్కడిదేనండీ. నేనే విరగ్గొట్టాను. ఇరవై ఏళ్ళయింది. ఏమిటో నాకు తెలియదు, గొర్రెల దొడ్డి నంబరన్నారు."

"ఇరవై ఏళ్ళూ ఎక్కడుంది?"

"మా షెడ్డు తలుపు మీద."

"నిన్న నేను మీ ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నప్పుడు కూడానా?"

"అవునండీ. చెప్పడానికి మొహం చెల్లలేదు."

"మీకు సిగ్గు లేదూ?" అంది ఆవిడ. గట్టిగా అనలేదు. అరిచినా బాగుండేదనిపించింది క్లెమ్‌కి.

"ఉందండీ. నిన్నట్నుంచి చాలా ఉంది."

ఎనిడ్ చెయ్యి చాపింది. పలకని తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. మెరుస్తున్న నలుపు మీద తెల్లటి అంకెలు. బొటనవేలితో ఒకసారి రాసింది. "ఈ రంగెవరు వేశారు?"

"నేనే. ఏటా వేస్తాను. ఎందుకంటే చెప్పలేను, ఊరికే."

"పాతినవాళ్ళు ఒక్కసారి కూడా వేసి ఉండరు," అంది ఎనిడ్. "మిమ్మల్ని క్షమించేశానని నేనేం అనడంలేదు. పెట్టి చూడండి."

క్లెమ్ మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగాడు. పలక కింద ఊచ ముక్కని గుంటలో ఊచ కొస మీద ఆనించి, మెల్లగా తిప్పాడు. ఒక చోట టిక్కుమని కూర్చుంది. గరుకుకి గరుకు, పన్నుకి పన్ను, మధ్యలో గోరు దూరేంత సందు కూడా లేదు. ఇదే యాభై ఎనిమిది.

ఆ తర్వాత పని చకచకా నడిచింది. బెరిల్ తోటలో చిక్కుడుకి పాతే సన్న కర్రలు ఒక కట్ట తెచ్చుకున్నాడు. ఊచ దగ్గర ఒకటి గుచ్చి, నాలుగడుగులు కంచె వైపు జరిగితే మళ్ళీ అదే నిదానపు మోత. ఇంకో నాలుగడుగుల్లో ఇంకోటి. ఆ తర్వాత ఎంత దూరం వెళ్ళినా లేదు. "యాభై తొమ్మిది, అరవై. వరస అక్కడితో అయిపోయింది," అంది ఎనిడ్, రిజిస్టరు నుంచి రాసి తెచ్చుకున్న కాగితం చూస్తూ. "అంటే మా అమ్మ అటు." కర్రతో చేను లోపలికి చూపించింది. యాభై ఏడు పలికింది. యాభై ఆరు దగ్గర ఏమీ లేదు, దాన్ని మొత్తంగా పీకేసి ఉంటారు. యాభై అయిదు పలికింది. ఇంకో నాలుగడుగులు జరిగి క్లెమ్ యంత్రాన్ని తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. హెడ్‌ఫోన్లు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇంకో నాలుగడుగులు జరిగాడు. యాభై మూడు నిదానంగా, స్పష్టంగా పలికింది.

వెనక్కి వచ్చి యాభై మూడుకీ యాభై అయిదుకీ సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. "ఇక్కడండీ," అన్నాడు. "మీ అమ్మగారి దగ్గర ఇనుము మిగల్లేదు. రెండు పక్కలవాళ్ళూ ఉన్నారు కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఇదే చోటు."

ఆవిడ వచ్చి నిలబడింది. క్లెమ్ టోపీ తీసి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. ఇంకా దూరం వెళ్ళాలనుకున్నాడు గానీ నేల మెత్తగా ఉంది, ఆవిడ పడిపోతుందేమోనని భయమేసింది. అందుకే విన్నాడు.

"అమ్మా," అంది ఎనిడ్. పుట్టి బుద్ధెరిగాక ఆ మాటతో ఆవిడ ఎవరినీ పిలిచి ఉండదు. కొత్తగా నేర్చుకున్నదానిలా మళ్ళీ అంది. "అమ్మా. నేను ఎనిడ్‌ని. పేరు నువ్వే పెట్టావట, రిజిస్టర్లో రాశారు. మంచి పేరు పెట్టావు." సంచీలోంచి లావెండర్ కట్ట తీసి, వంగలేక, క్లెమ్ వైపు చూసింది. ఆయన వచ్చి మోచెయ్యి పట్టుకుని మెల్లగా వంచాడు. తన చేత్తోనే పెట్టింది. లేచాక ఏడ్చింది. క్లెమ్ కూడా ఏడ్చాడు, దాచుకోలేదు.

పొద్దు కంచె మీదికి దిగుతుండగా క్లెమ్ అడిగాడు. "యాభై ఎనిమిది ఎవరండీ? రాసి ఉందా?"

ఎనిడ్ కళ్ళజోడు పెట్టుకుంది. "పేరు తెలియని మగమనిషి. వయసు సుమారు అరవై. రోడ్డు పక్కన దొరికాడు. 1922 జనవరి 9."

"ఇంకా?"

"ఇంకేమీ లేదు."

క్లెమ్ పలకని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. "అయితే ఈయన కోసం ఎవరూ రారన్నమాట."

"మీరొచ్చారుగా," అంది ఎనిడ్. "ఏటా రంగు కూడా వేశారు."

ట్రాక్టర్ చప్పుడైంది. డెస్మండ్ దిగి, చేలో వరసగా నిలబడ్డ కర్రల్ని చివరి నుంచి చివరి దాకా చూశాడు. క్లెమ్ మొదలుపెట్టాడు, "డెస్మండ్, రేపు విత్తేటప్పుడు..."

"నాకు కళ్ళు లేవనుకున్నావా?" అని కసిరాడు డెస్మండ్. "ఇక్కడికి రాగానే విత్తే యంత్రం పైకెత్తేస్తాను. ఈ వరసొక్కటే కాదు, రిజిస్టర్లో ఎన్ని వరసలుంటే అన్నీ. మొత్తం కాగితం మీద చుక్కలు పెట్టి నాకివ్వు. ఆ పలకని పైకి కనపడేలా పెట్టు, లేకపోతే నా పనివాడు చూసుకోడు." ట్రాక్టర్ వెనక నుంచి కంచెకి వాడే ఇనుప ఊచ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని పాత ఊచ పక్కనే దిగ్గొట్టి, పలకని తీగతో బిగించారు. క్లెమ్ గుంట పూడ్చాడు. మడమతో తొక్కబోయి ఆగిపోయాడు. వంగి అరచేతుల్తో సర్దాడు.

ఇంటికెళ్ళాక బెరిల్ ఎప్పటిలాగే అడిగింది, "ఇవాళేం దొరికింది?" ఆయన కుడి జేబు తిరగేసి చూపించాడు. కాస్త మట్టి రాలింది. తర్వాత నోటుబుక్కు తీసి రాశాడు. "2003 అక్టోబరు 10. యూనియన్ చేను. కంచె వెంట 70 అంగలు, లోపలికి 42. ఇనుము." ఆ పుస్తకాల్లో ఆ మాట పడటం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆర్థర్ ఉత్తరాలు తెచ్చాడు. అలవాటుగా షెడ్డు వైపు చూసి ఆగిపోయాడు. తలుపు మీద రెండు స్క్రూ బెజ్జాలు, వాటి చుట్టూ ఎండ తగలని పాత రంగు గుండ్రంగా కనిపిస్తోంది.

"ఏమిటి క్లెమ్, యాభై ఎనిమిది ఖాళీ చేసి వెళ్ళిపోయాడా?" అన్నాడు.

క్లెమ్ నవ్వలేదు. "ఇంటికెళ్ళాడు," అన్నాడు.